వయ్యారిభామను తినే చారల పురుగు



ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా దేశమంతటా వయ్యారిభామ మీద అవగాహన వారం జరుగుతుంది. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన డైరెక్టరేట్ దీన్ని ముందుండి నడిపిస్తుంది. బడి పిల్లలు, పంచాయతీ సిబ్బంది, మహిళా సంఘాల వాళ్లు కలిసి వెళ్లి ఆ మొక్కలను పీకుతారు. మంచి పని. అయితే సరిగ్గా ఇదే వారంలో, ఎవరూ పిలవకుండా, ఎవరూ కూలి ఇవ్వకుండా, ఒక చిన్న పెంకు పురుగు కూడా ఆ మొక్క మీద పని చేస్తూ ఉంటుంది. దాని సంగతి మన ఊళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. తెలియక దాన్ని మందు కొట్టి చంపుతున్నాం కూడా. అందుకే ఈ రోజు నా ప్రసంగం ఆ పురుగు గురించి.

ముందు ఆ మొక్క గురించి నాలుగు మాటలు. సూర్యాపేట నుంచి దంతాలపల్లి రోడ్డు పట్టుకొని నెమ్మికల్ దాకా వస్తే చాలు, వానకాలంలో రోడ్డుకు రెండు పక్కలా తెల్లగా పూసి కనిపిస్తుంది. ఆత్మకూర్ (ఎస్)లో, ఏపూరులో, కందగట్లలో, పాతర్లపహాడ్‌లో ఎక్కడ చూసినా అదే. బడి ప్రహరీ వెంట, శ్మశానం దారిలో, పడావు పడ్డ చెలకల్లో, కాల్వ కట్టల మీద పెరుగుతుంది. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. శాస్త్రజ్ఞులు పార్థీనియం అంటారు. పుట్టిల్లు మెక్సికో, దాని చుట్టుపక్కల అమెరికా ఉష్ణ ప్రాంతాలు. మన దేశంలో ఇది కలుపుగా అందరి దృష్టిలో పడింది 1955లో, పూణేలో. అమెరికా గోధుమలతో, పి.ఎల్. 480 పథకం కింద వచ్చిందని మన పెద్దలు చెబుతుంటారు. ఆ ఒప్పందం మన దేశంతో కుదిరింది 1956 ఆగస్టులో. అంతకు ముందు ఏడాదే మొక్క పూణేలో కనిపించింది కాబట్టి ఆ కథ పూర్తిగా నిలబడదు. ఏ దారిన వచ్చినా, వచ్చిన కొద్ది పదుల ఏళ్లలోనే దేశమంతా పాకింది.

ఎందుకు అంత వేగంగా పాకిందంటే, దాని లెక్క అట్లాంటిది. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో పూతకు వస్తుంది. బాగా పెరిగిన ఒక్క మొక్క పదిహేను వేల నుంచి పాతిక వేల దాకా విత్తనాలు రాలుస్తుంది. ఆ విత్తనం ఎంత చిన్నదంటే గాలికి పోతుంది, కాల్వ నీళ్లలో పోతుంది, ట్రాక్టర్ టైరుకు అంటిన బురదలో పోతుంది, ఇసుక లారీలో పోతుంది. తడి ఉంటే చాలు, ఏ కాలంలోనైనా మొలుస్తుంది. పైగా దాని వేరు, ఆకు, పూలు విడిచే రసాయనాలు పక్క మొక్కలను మొలవనీయవు, పెరగనీయవు. వాటిలో ముఖ్యమైనది పార్థీనిన్. ఈ పార్థీనినే మనుషుల ఒంటి మీద దద్దుర్లు తెస్తుంది. చేతులు, మెడ, కనురెప్పలు ఎర్రబడి, తోలు మందమై, గీక్కోలేక ఏడ్చే మనుషులను మీరు మీ ఊళ్లోనే చూసి ఉంటారు. కలుపు తీసే ఆడవాళ్లకు, గొడ్లు కాసేవాళ్లకు ఈ బాధ ఎక్కువ. పుప్పొడి ముక్కులోకి పోతే తుమ్ములు, జలుబు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం. గొడ్లు మామూలుగా దీన్ని ముట్టవు. మేత కరువై తింటే పాలు చేదెక్కుతాయి. మోతాదు మించితే పశువు ప్రాణానికే ముప్పు.

పుప్పొడి మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ఎందుకంటే ఈ కథలో అసలు దోషి ఆ పుప్పొడే అని నా అభిప్రాయం. వయ్యారిభామ పుప్పొడి మిరప, టమాట, వంగ పూల కీలాగ్రం మీద పడితే కాయ కట్టడం తగ్గుతుందని బెంగళూరు శాస్త్రజ్ఞులు నాలుగు దశాబ్దాల కిందే చూపించారు. గట్టు మీద మొక్కే కదా, నా మడిలో లేదు కదా అని మనం వదిలేస్తాం. గట్టు మీది పుప్పొడి మాత్రం మడిలోకి వస్తూనే ఉంటుంది.

2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో ఏం జరిగిందో వేరుశనగ రైతులు ఇప్పటికీ మరిచిపోలేదు. పైరు బాగా ఉన్నట్టే ఉండి, లేత ఆకుల మీద మచ్చలు పడి, మొవ్వు మాడి, కాండం నల్లబారి చచ్చిపోయింది. దాదాపు రెండు లక్షల పాతిక వేల హెక్టార్లలో ఆ తెగులు కనిపించింది. నష్టం మూడు వందల కోట్ల రూపాయలు దాటిందని లెక్క కట్టారు. మన పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు కారణం వెతికారు. అది టొబాకో స్ట్రీక్ అనే వైరస్. ఆ వైరస్ ఎక్కడ దాక్కుంది అంటే వయ్యారిభామలో. మొక్క మీద జబ్బు గుర్తు ఒక్కటీ కనిపించదు, పచ్చగా నిగనిగలాడుతుంది, కానీ దాని పుప్పొడి నిండా వైరస్ ఉంటుంది. పూలలో తిరిగే తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి పూసుకొని వేరుశనగ మీద వాలతాయి. ఆకును గీకినప్పుడు పుప్పొడిలోని వైరస్ ఆ గాయంలోంచి లోపలికి పోతుంది. అదే వైరస్ పొద్దుతిరుగుడును కూడా చంపుతుంది. కర్ణాటకలో 1997లో పొద్దుతిరుగుడును పాడు చేసిన తెగులు ఇదే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పొద్దుతిరుగుడు మళ్లీ మన కథలోకి వస్తుంది.

మన తెలంగాణ వాళ్లకు ఇంకో బాధ కూడా ఉంది. బతుకమ్మ నాటికి గట్ల మీద గునుగు, చెలకల్లో తంగేడు విరగబూసేవి. తంగేడు మన రాష్ట్ర పుష్పం. ఇప్పుడు చాలాచోట్ల ఆ జాగాను వయ్యారిభామ ఆక్రమించింది. పిల్లలు గునుగు కోసం ఊరు దాటి నడవాల్సి వస్తోంది. ఇది రూపాయల్లో లెక్కకు రాని నష్టం. నాకు మాత్రం ఇది కూడా పెద్ద నష్టమే.

ఇక పురుగు దగ్గరకు వద్దాం. బయటి నుంచి వచ్చిన మొక్క ఇక్కడ ఇట్లా చెలరేగడానికి ఒక కారణం, దాన్ని తినే శత్రువులు దానితో పాటు రాకపోవడం. అయితే ఆ శత్రువును వెతికి తెస్తే? ఈ ఆలోచనకు మన దక్షిణ దేశంలోనే పాత చరిత్ర ఉంది. 1795లో ఎర్ర రంగు తీయడానికి పనికొస్తుందనుకొని బ్రెజిల్ నుంచి కలకత్తాకు ఒక పురుగును తెచ్చారు. వాళ్లు అనుకున్న రంగు పురుగు అది కాదు. కానీ అది అక్కడి నాగజెముడును తిని ఎండగట్టింది. అది చూసి 1836-38 మధ్య దాన్ని దక్షిణ భారతానికి తెచ్చి నాగజెముడు మీద కావాలనే వదిలారు. కలుపు మీదికి పురుగును కావాలని పంపడం ప్రపంచంలో అదే మొదటిసారి అంటారు. తర్వాత 1926లో శ్రీలంక నుంచి అదే జాతిలో ఇంకో రకం పురుగు వచ్చింది. ముళ్ల డొంకలు కమ్మేసిన మద్రాసు ప్రెసిడెన్సీ భూములు కొద్ది ఏళ్లలోనే మళ్లీ సాగుకు, మేతకు పనికొచ్చాయి.

వయ్యారిభామ కోసం మెక్సికోలో వెతికితే దొరికిన పురుగు పేరు జైగోగ్రామా బైకొలొరాటా. ఆకులు తినే పెంకు పురుగుల కుటుంబంలోది. ఆస్ట్రేలియా వాళ్లు 1980లో దాన్ని క్వీన్స్‌లాండ్‌లో వదిలారు. మన దేశానికి అది 1983లో బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థకు వచ్చింది. తెచ్చిన వెంటనే బయట వదల్లేదు. దానికి బలమైన కారణం ఉంది. ఈ పురుగుకు చుట్టాలు మంచివి కావు. అమెరికాలో ఆలుగడ్డ పంటను నాశనం చేసే కొలరాడో పెంకు పురుగు దీనికి దగ్గరిదే. దీని సొంత జాతిలోనే ఇంకో రకం ఉత్తర అమెరికాలో పొద్దుతిరుగుడుకు పెద్ద చీడ. అట్లాంటి ఇంటి నుంచి వచ్చిన పురుగును నమ్మాలంటే పరీక్ష గట్టిగా ఉండాలి. కె.పి. జయంత్, ఆయన తోటి శాస్త్రజ్ఞులు ఇరవై ఏడు కుటుంబాలకు చెందిన నలభై రకాల మొక్కల మీద దాన్ని పరీక్షించారు. వయ్యారిభామ తప్ప మరేదీ దానికి బతుకుదెరువు కాదని తేలాకే, 1984 ఆగస్టులో బెంగళూరు పరిసరాల్లో వదిలారు.

ఈ పరీక్షలు పేరుకు జరిపినవి కావు. దానికి నాకు తెలిసిన గట్టి సాక్ష్యం ఒకటుంది. అదే సంస్థ 1985లో వయ్యారిభామ కాండంలో బుడిపెలు పుట్టించే ఒక రెక్కల పురుగును కూడా తెచ్చింది. ఎపిబ్లెమా దాని పేరు. ఆస్ట్రేలియాలో అది బాగా పని చేసింది. ఇక్కడ పరీక్షిస్తే అది వలిసె మొక్క మీద కూడా గుడ్లు పెట్టి, సంతతి పెంచుకోగలదని తేలింది. వలిసెలు అంటే అరకు లోయలో కొండల మీద పసుపు రంగు పరిచే పంట. గిరిజన రైతుల నూనె గింజ. ఆస్ట్రేలియా రైతుకు వలిసెలతో పని లేదు కాబట్టి అక్కడ ఆ పురుగు మంచిదే. మన గిరిజనుడికి అది చీడ అవుతుంది. అందుకే ఆ పురుగులను ప్రయోగశాలలోనే నాశనం చేశారు, ఒక్కటీ బయటకు రానివ్వలేదు. ఒక పురుగును వదిలినందుకు ఎంత మెచ్చుకుంటామో, ఇంకో పురుగును వదలనందుకు అంతకు మించి మెచ్చుకోవాలి.

వదిలిన పురుగు మొదట్లో కనబడీ కనబడనట్టు ఉంది. మూడు నాలుగేళ్లకు బెంగళూరు చుట్టూ గుంపులు గుంపులుగా లేచి, మైదానాల్లో వయ్యారిభామను ఆకు లేకుండా చేసింది. మొక్క తగ్గిన చోట అంతకు ముందు అణగిపోయిన గడ్డి, ఇతర మొక్కలు మళ్లీ తలెత్తాయి. పురుగు దానంతట అదే ఎగురుకుంటూ పక్క జిల్లాలకు, పక్క రాష్ట్రాలకు పోయింది.

అప్పుడే చిక్కు వచ్చింది. 1990ల మొదట్లో కర్ణాటకలో పొద్దుతిరుగుడు ఆకుల మీద ఈ పురుగు కనిపించింది. ఆకులు కొరికి ఉన్నాయి. రైతులు భయపడ్డారు, పత్రికల్లో వచ్చింది. విదేశీ పురుగును తెచ్చి పంట మీదికి వదిలారని గొడవ అయింది. ఆ భయం న్యాయమైనదే. ఆకు మీద పురుగు కళ్ల ముందు కనిపిస్తుంటే ప్రయోగశాల కాగితాలను ఏ రైతు నమ్ముతాడు? నిజ నిర్ధారణ కమిటీ వేశారు. కొత్తగా పురుగులను వదలడం ఆపేశారు. ఈలోగా జయంత్ బృందం పొలాల్లోకి వెళ్లి ఆ కొరికిన ఆకులనే పట్టి చూసింది. ఆ పొలాల చుట్టూ వయ్యారిభామ దట్టంగా ఉంది. దాని పుప్పొడి గాలికి వచ్చి పొద్దుతిరుగుడు ఆకుల మీద పడింది. ఆ పుప్పొడి ఉన్న ఆకును పురుగు కొరుకుతోంది, పుప్పొడి లేని ఆకును కొరకడం లేదు. ఆ సంగతిని 1993లో ప్రచురించారు. పొద్దుతిరుగుడుకు దీనివల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదని తేలింది, పురుగులను వదలడానికి మళ్లీ అనుమతి వచ్చింది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. పొద్దుతిరుగుడు ఆకు మీదికి పురుగును పిలిచింది వయ్యారిభామ పుప్పొడి. కొన్నేళ్లకే అదే పొద్దుతిరుగుడును చంపిన వైరస్‌ను మోసుకొచ్చింది కూడా వయ్యారిభామ పుప్పొడే. నింద పడింది మాత్రం, ఆ మొక్కను తింటున్న పురుగు మీద.

ఈ నింద మన దగ్గర ఇప్పటికీ పోలేదు. నిరుడు వానకాలంలో కాల్వ కట్ట మీద ఒక అక్క నన్ను ఆపింది. భుజాన స్ప్రేయర్ ఉంది. "సారూ, గీ పురుగు చూడు, ఆకంతా తింటున్నది. రేపు నా పత్తి మీద పడితే ఎట్ల? గీడనే సంపాలె" అన్నది. "చంపకు అక్కా, అది నీ పత్తి ముట్టదు" అన్నాను. ఆమె నమ్మలేదు. అప్పుడు ఇద్దరం కట్ట మీద కూర్చొని చూశాం. పురుగు పెసర గింజ కంటే కాస్త పెద్దది. వీపు మీద పాలిపోయిన పసుపు రంగు, దాని మీద ముదురు గోధుమ రంగు నిలువు చారలు. తల, మెడ భాగం గోధుమ రంగు. ఒక మొక్కకు ఏడెనిమిది ఉన్నాయి. ఆకు తిప్పితే అడుగున నారింజ పసుపు గుడ్లు ఒకటీ రెండూ అంటుకొని ఉన్నాయి. పైన చిగుళ్లలో పిల్ల పురుగులు తలలు దూర్చి మొగ్గను లోపలి నుంచి తింటున్నాయి. కింది ఆకుల్లో ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ మొక్కకు రెండడుగుల దూరంలోనే ఆమె పత్తి ఉంది. పత్తి ఆకులు ఒక్కొక్కటి తిరగేసి చూసింది. ఒక్క చారల పురుగు లేదు, ఒక్క గుడ్డు లేదు. ఒక పురుగును చేత్తో పట్టి పత్తి ఆకు మీద పెట్టింది. అది కాసేపు అటూ ఇటూ నడిచి, కింద పడి, మళ్లీ వయ్యారిభామ వైపే పోయింది. "గట్లనా" అని స్ప్రేయర్ దించింది. నేను చెప్పిన మాటల కంటే ఆ పత్తి ఆకే ఎక్కువ చెప్పింది. మీరు కూడా చేసి చూడండి. పత్తి, వరి, మిరప, కంది, ఏదైనా సరే. ఈ పురుగు వాటి మీద బతకదు.

దాని బతుకు ఎట్లా ఉంటుందో చెబుతాను. మన రైతులకు కార్తెల లెక్కన చెబితే సులువు. వేసవి అంతా ఈ పురుగు మట్టిలో నిద్రలో ఉంటుంది. మృగశిరలోనో ఆరుద్రలోనో మంచి వాన పడి నేల తడిస్తే బయటికి వస్తుంది. వచ్చిన వెంటనే లేత వయ్యారిభామ మీద తిని గుడ్లు పెడుతుంది. గుడ్డు పొదగడానికి నాలుగు నుంచి ఏడు రోజులు. పిల్ల పురుగు పది పదిహేను రోజులు తిని, నేలలోకి దిగి, అక్కడే కోశం కట్టుకొని ఇంకో పది రోజులకు పెద్దదై బయటికొస్తుంది. మొత్తం కలిపి నెల లోపే ఒక తరం. ఒక్క ఆడ పురుగు తన జీవితకాలంలో వందల్లో, ఒక్కోసారి వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. అట్లా పునర్వసు, పుష్యమి, ఆశ్లేష దాటేసరికి రెండో తరమో మూడో తరమో అవుతుంది. మఖ, పుబ్బ నాటికి గుంపు కడుతుంది. హస్త, చిత్త దాటాక చలి మొదలవుతుంటే చాలామటుకు మళ్లీ మట్టిలోకి పోతాయి.

ఈ కార్తెల లెక్కలోనే దాని బలమూ ఉంది, బలహీనతా ఉంది. మొదటి వానకు పురుగు లేచేసరికి, అంతకు ముందే తడి తగిలిన చోట వయ్యారిభామ మొలిచి మోకాలెత్తు పెరిగి ఉంటుంది. పురుగు గుంపు కట్టేసరికి ఆ మొదటి పంట మొక్క పూతకు వచ్చి గింజ రాల్చేస్తుంది. ఇంకోటి, మన ప్రాంతంలో ఇప్పుడు నీళ్లు పెరిగాయి. శ్రీరాంసాగర్ రెండో దశ కాల్వల్లో గోదావరి నీళ్లు వస్తున్నాయి. కోదాడ, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాల్వ ఎప్పటినుంచో ఉంది. మూసీ ప్రాజెక్టు కాల్వలు ఉన్నాయి. రైతుకు ఇది గొప్ప మేలు. కానీ యాసంగిలో కూడా కట్టలు తడిగా ఉంటాయి కాబట్టి వయ్యారిభామ యాసంగిలోనూ మొలుస్తుంది, పూస్తుంది. అప్పుడు పురుగు మాత్రం మట్టిలో నిద్రపోతోంది. కాబట్టి పురుగు ఉంది కదా అని మనం చేతులు ముడుచుకుంటే కుదరదు. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. పురుగును వదిలితే మొక్క మాయమవుతుందని చెప్పేవాళ్ల వల్ల, ఆ మాట తప్పినప్పుడు జనానికి పురుగు మీదే నమ్మకం పోతుంది.

అయితే ఏం చేయాలి? పనిని పంచుకోవాలి. పురుగు నిద్రలో ఉన్నప్పుడు మనం, పురుగు లేచినప్పుడు పురుగు. మృగశిరకు ముందే, యాసంగిలో కాల్వ కట్టల మీద, బోర్ల దగ్గర, ఇళ్ల చుట్టూ మొలిచిన మొక్కలను పూత రాకముందే పీకేయాలి. తడి నేలలో వేరుతో సహా వస్తుంది. చేతులకు తొడుగు వేసుకోవాలి, తొడుగు లేకపోతే పాలిథిన్ కవరైనా కట్టుకోవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. దద్దుర్లు ఇదివరకే ఉన్నవాళ్లు ఈ పని చేయకూడదు, ఇంట్లో వేరేవాళ్లు చేయాలి. పూత రాని మొక్కను ఎరువు గుంతలో వేసుకోవచ్చు, మంచి ఎరువవుతుంది. పూత వచ్చినదాన్ని ఎరువు గుంతలో వేస్తే విత్తనాన్ని మీ చేత్తో మీ పొలంలో చల్లుకున్నట్టే. పంట లేని చోట, రోడ్ల పక్కన, లీటరు నీటికి రెండు వందల గ్రాముల ఉప్పు కలిపి ఆకులు తడిసేలా కొడితే ఎండిపోతుంది. పొలంలో మాత్రం ఉప్పు వద్దు, నేల చెడిపోతుంది.

పుష్యమి తర్వాత పద్ధతి మార్చాలి. ఎక్కడైనా మొక్కలు పీకే ముందు, మందు కొట్టే ముందు, ఆకులు తిప్పి చూడండి. చారల పురుగు గుంపుగా ఉంటే ఆ మేరకు వదిలేయండి. అక్కడి మట్టిని కూడా కదిలించకండి, పిల్ల పురుగులు కోశం కట్టుకున్నది ఆ మట్టిలోనే. ఊరంతా ఒక్క రోజులో పీకేస్తే పురుగుకు తిండి లేక అదీ పోతుంది, మరుసటి ఏడాది మొక్క వస్తుంది కానీ పురుగు రాదు. నా దృష్టిలో అవగాహన వారంలో జరుగుతున్న పొరపాటు ఇదే. పీకాల్సింది మృగశిరకు ముందే. ఆగస్టులో చూడాల్సింది పురుగును.

పురుగు లేని ఊరికి పురుగును మోసుకుపోవచ్చు. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, లోపల వయ్యారిభామ ఆకులు వేయండి, పొద్దున చల్లటి పూట పెద్ద పురుగులను ఏరి అందులో వేయండి. ఎండలో పెట్టొద్దు, డబ్బాలో నీళ్లు ఉండొద్దు. ఆ రోజు సాయంత్రమే కొత్త చోట వదలండి. ఒక చోట ఐదు వందల నుంచి వెయ్యి దాకా వదిలితే నిలదొక్కుకుంటాయి. పది పదిహేను పురుగులు తెచ్చి వదిలితే అవి ఎటు పోతాయో కూడా తెలియదు. వదిలిన జాగాలో ఆ సీజన్ అంతా మందు కొట్టకుండా, గొడ్లు తొక్కకుండా చూడాలి. మొదటి ఏడాది ఫలితం కనిపించకపోవచ్చు. బెంగళూరులోనే మూడు నాలుగేళ్లు పట్టింది, మనమూ అంత ఓపిక పట్టాలి.

పురుగు తిని ఖాళీ చేసిన జాగాను ఖాళీగా వదిలేయకూడదు, అక్కడ మళ్లీ వయ్యారిభామే వస్తుంది. తొలకరికి ముందు తంటెం గింజలు చల్లండి, తగిరిస అని కూడా అంటారు. అది వయ్యారిభామను పక్కకు నెట్టి పెరుగుతుంది. గట్ల మీద తంగేడు నాటండి, అదీ ఆ కుటుంబంలోదే. ఒకసారి వేరు పట్టిందంటే ఎండకు, గొడ్లకు తట్టుకుంటుంది. బతుకమ్మకు పువ్వు, గట్టుకు కాపలా రెండూ దక్కుతాయి.

బెంగళూరులో వదిలిన ఆ పురుగు ఎంత దూరం పోయిందో తెలిస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. పాకిస్తాన్‌లో 2007లో, నేపాల్‌లో 2009లో అది కనిపించింది. ఆ దేశాల వాళ్లు తెచ్చుకున్నది కాదు, మన దేశం నుంచి దానంతట అదే సరిహద్దు దాటి పోయింది. వయ్యారిభామ ఎక్కడ ఉంటే అక్కడికి అది పోతుంది. అంత దూరం పోగలిగిన పురుగు ఏపూరు నుంచి కందగట్లకు పోలేదా? పోతుంది. మధ్యలో మన స్ప్రేయర్లు అడ్డం రాకపోతే.

ఉపాధి హామీ మేస్త్రీలకు, పంచాయతీ కార్యదర్శులకు ఒక ప్రత్యేక మనవి. రోడ్ల పక్కన, బడుల చుట్టూ మందు కొట్టించే ముందు ఒక్కసారి ఆకుల అడుగున చూపించండి. బడుల్లో సైన్సు చెప్పే టీచర్లకు ఇంకో మనవి. ఒక సీసాలో రెండు జతల పురుగులు వేసి, రోజూ తాజా ఆకు మారుస్తూ, గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా పిల్లలకు చూపించండి. సీసా అడుగున రెండు మూడు వేళ్ల మందం తడి మట్టి ఉండాలి. ఆకులు మాత్రం మీరే చేతి తొడుగుతో కోయండి, పిల్లల చేత కోయించకండి. నెల లోపు మొత్తం చక్రం పూర్తవుతుంది. ఇంటికి పోయి వాళ్లే అమ్మకు, నాన్నకు చెబుతారు.

పురుగు గుర్తు పట్టడంలో అనుమానం ఉంటే ఫొటో తీసి మీ వ్యవసాయ విస్తరణ అధికారికి చూపించండి. గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మిర్యాలగూడ వైపు వాళ్లకు కంపాసాగర్ దగ్గర. అక్కడి శాస్త్రజ్ఞులను అడగండి. మఖ కార్తె అంటే పురుగు బాగా కనిపించే రోజులు. ఆ రోజుల్లో పొద్దున పొలానికి పోయేటప్పుడు దారిలో వయ్యారిభామ ఆకు ఒకటి తిప్పి చూడండి. ఉంటే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, మీ పక్క రైతుకు కూడా చూపించండి.